ఉప్పెన నాటి దివిసీమ

మన దివిసీమలో పెద్దమ్మలను వయసు అడిగితే సంవత్సరం చెప్పరు. "ఉప్పెన నాటికి నాకు పెళ్లయి రెండేళ్లు" అంటారు. మనకు అదే శకం. ఆ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19, శనివారం.

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య, సముద్రం ఒడ్డుదాకా ఉన్న పల్లపు నేలే మన సీమ. తుఫాను గాలి సముద్రాన్ని తోసుకొచ్చి ఈ నేల మీద పోసింది. నీరు 5 మీటర్ల ఎత్తున లేచిందంటారు. అంటే పూరిల్లు కొప్పుదాకా మునిగినట్టే. సర్కారు లెక్కలోనే దాదాపు 10 వేల మంది పోయారు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది నీరే. అందుకే మనవాళ్లు దాన్ని దివిసీమ తుఫాను అనరు, దివిసీమ ఉప్పెన అంటారు.

ముందు కబురు లేదా అంటే, ఉంది. రేడియోలో తుఫాను మాట చెప్పారు. కానీ రేడియో ఉన్న ఇళ్లెన్ని? పైగా తుఫానంటే గాలీ వానా అనే తెలుసు. తలుపేసుకుని, పిల్లల్ని దగ్గరేసుకుని లోపల కూర్చోవడమే అలవాటు. చెప్పినా కదల్లేదని ఆనాటి ఆడవాళ్లను తప్పుపట్టే మాట అక్కడక్కడా వింటుంటాం. మేము ఒప్పుకోం. గొడ్లనీ, గాదెలో గింజల్నీ, మంచంలో ఉన్న అత్తనీ వదిలి ఎక్కడికి పోవాలి? చాలా ఊళ్లలో ఎక్కి నిలబడడానికి ఒక్క మేడ లేదు.

బతికినవాళ్ల బాధ వేరు. కోతకొచ్చిన వరి పోయింది, పొలంలో ఉప్పు మిగిలింది. చెరువు నీళ్లు నోట పెట్టలేకపోయారు. గొడ్డు లేదు, పంట లేదు, పాత అప్పు మాత్రం ఉంది. అప్పటికి డ్వాక్రా అనే మాటే పుట్టలేదు. చేబదులుకైనా షావుకారి గడపే దిక్కు.

తర్వాతి ఏళ్లలో తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మే 9న మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే పెద్ద తుఫాను తీరం దాటింది. ఆ గాలీ తక్కువది కాదు. కానీ ఈసారి లక్షన్నర మందికి పైగా ముందే ఇళ్లు ఖాళీ చేశారు. చనిపోయినవాళ్లు వెయ్యిలోపే. వెయ్యి చిన్న లెక్కని కాదు, 1977 పక్కన పెట్టి చూడమంటున్నాం.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన అక్కలే ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కదిలించారు. కదలనివాళ్లను ఎందుకని అడిగితే ఎవరూ భయం లేదనలేదు. షెల్టరులో మరుగుదొడ్డికి గడియ లేదు, బాలింతకు చాటు లేదు, గేదెను కట్టేసే చోటు లేదు అన్నారు. ఈ మూడూ తీర్మానంలో రాయించాం. షెల్టరు తాళం ఒకటి గ్రామ సంఘం దగ్గరుండాలనీ, ఏటా సెప్టెంబరులోనే నీళ్ల ట్యాంకు కడిగించాలనీ వాటికి కలిపాం. తాళం చేతికొచ్చింది. గడియ ఇంకా రావాలి.