గింజ కంటే ముందు గాదె

అనంతపురం సీమలోని మా గోరంట్లకు వాన ఎందుకు రాదో బడిపిల్లలు కూడా చెప్తారు. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య మబ్బులు కోస్తాలో కురిసి, ఇక్కడికొచ్చేసరికి ఖాళీ అవుతాయి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఏడు బాగున్నట్టే. మరి చేలల్లోంచి కొర్ర, సామ, ఆరికె ఎందుకు మాయమయ్యాయని అడిగితే మాత్రం పెద్దవాళ్ళు కూడా తడుముకుంటారు. వాన తగ్గిందని అంటారు. ఆ పంటలు బతికిందే తక్కువ వానతో కదా!

అవి పోవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలి తీర్చిన పథకమది, దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ రెండు రూపాయలకు తెల్లన్నం దొరికే ఊళ్ళో కొర్రలు దంచి వండే ఓపిక ఎవరికుంటుంది? రెండోది 1986లో మొదలైన నూనెగింజల సాంకేతిక మిషన్. నూనెకు దేశం విదేశాల మీద ఆధారపడకూడదనుకుంది. శెనక్కాయకు గిరాకీ, ధర, బ్యాంకు అప్పు అన్నీ కలిసొచ్చాయి. చూస్తుండగానే అనంతపురం జిల్లాలో శెనక్కాయ 7 లక్షల హెక్టార్లు దాటింది. మొదట్లో ఆ చేలో కంది సాళ్ళు, అలసంద, అనుములు, గట్టున ఆముదం ఉండేవి. తర్వాత్తర్వాత శెనక్కాయ ఒక్కటే మిగిలింది. అది ఎండిన ఏడు ఇంట్లో తినడానికి మరో గింజ ఉండదు. 1876-78 నాటి ధాత కరువు తిండిలేక చంపింది. ఈ కొత్త కరువు అప్పుల రూపంలో వచ్చింది.

ఆ రెండు రూపాయల బియ్యం వచ్చిన 1983లోనే, ఇక్కడికి చాలా దూరాన, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. అప్పటికి అది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. ఆ సొసైటీని పెట్టినవాళ్ళలో ముఖ్యుడు పి.వి. సతీష్. మైసూరు మనిషి, దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాత. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో పనిచేసి పల్లెల్ని దగ్గరగా చూసినవాడు. 2023 మార్చి 19న కన్నుమూశాడు. అయితే ఈ కథ ఆయనది కాదు, సొసైటీ పెట్టిన సంఘాల్లో చేరిన దళిత మహిళలది. ఆ మాట ఆయన కూడా ఒప్పుకునేవాడనే అనుకుంటాను.

చాలామంది కథను పాత పంటల జాతర దగ్గర మొదలుపెడతారు. సంక్రాంతికి ఎడ్లబండ్లు అలంకరించి, బుట్టల్లో రకరకాల విత్తనాలు పెట్టి, డప్పులు కొట్టుకుంటూ ఊరూరా తిరుగుతారని, ఫొటోలు చాలా బాగుంటాయని. నిజమే, బాగుంటాయి. కానీ జాతర చివర్లో వచ్చింది. దానికి ముందు పదిహేనేళ్ళ పని ఉంది. ఆ పని తెలియకుండా జాతరను చూసొచ్చి, మన ఊళ్ళోనూ అలాంటిది పెడదామంటే అది మిల్లెట్ మేళా అయి ఊరుకుంటుంది. ఒక పూట స్టాళ్ళు, ఒక మంత్రి, ఒక రిబ్బను.

మొదట వచ్చింది నేల. సంఘం ఆడవాళ్ళలో చాలామందికి భూమి లేదు. ఉన్నా ఎకరం, రెండెకరాలు. అదీ రాళ్ళతో, కోతతో పడావు పడ్డ చెలక. పదిమంది కలిసి కౌలుకు తీసుకుని కలిసి సాగుచేయడం మొదలుపెట్టారు. కూలికి పోయిన చేతులే. తేడా ఏమిటంటే, ఏం విత్తాలో ఇప్పుడు వాళ్ళే చెప్పుకోవాలి. అమ్ముకునే పంటా, వండుకునే పంటా అన్న ప్రశ్న మగవాళ్ళ పంచాయితీలో ఎప్పుడూ ఒకే జవాబుతో తేలేది. ఇక్కడ అలా తేలలేదు. ఒక్క ఎకరంలో జొన్న, కంది, పెసర, అలసంద, కొర్ర, పుంటికూర కలిపి చల్లారు. ఒకటి పోతే ఇంకొకటి చేతికొస్తుంది. యాసంగిలో వానే లేకుండా నేలలోని చెమ్మ, రాత్రి మంచుతో పండే కుసుమ, అవిసె, శనగ లాంటివాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు సత్యం పంటలు.

రెండోది గాదె. నన్నడిగితే అసలు ఆవిష్కరణ ఇదే. కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

1990ల నడుమ సంఘాలు ప్రభుత్వాన్ని ఒక విచిత్రమైన కోరిక కోరాయి. రేషన్ బియ్యం ఎక్కడో పండుతోంది, లారీలో వస్తోంది. మా చెలకలు పడావు పడి ఉన్నాయి. ఆ సబ్సిడీలో కొంత అప్పుగా మాకివ్వండి, మా ఊరి రేషన్ మేమే పండించుకుంటాం అన్నాయి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఒప్పుకుంది. 32 ఊళ్ళలో పని మొదలైంది. 2,500 ఎకరాలకు పైగా పడావు నేల సాగులోకి వచ్చింది.

ఏర్పాటు ఇలా ఉండేది. పడావు చెలక ఉన్న చిన్న రైతుకు దున్నకానికి, పెంటకు, విత్తనానికి, కలుపుకు విడతలు విడతలుగా డబ్బిస్తారు. ఒక్కసారే చేతిలో పెట్టరు. పెంట తోలాడా, విత్తాడా అని సంఘం ఆడవాళ్ళు చేను చూసొచ్చాకే తర్వాతి విడత. ఆ అప్పును అతడు రూపాయల్లో తీర్చనక్కర్లేదు. కొన్నేళ్ళ పాటు జొన్నల రూపంలో కొలిచి సంఘం గాదెకు పోయాలి. గాదె ఊళ్ళోనే ఉంటుంది, తాళం ఆడవాళ్ళ దగ్గరే ఉంటుంది. వానాకాలం మొదట్లో పనులుండవు, ఇళ్ళల్లో గింజ నిండుకుంటుంది. అప్పుడు ఆ జొన్నల్ని ఊరి పేదలకు బజారు ధర కంటే తక్కువకు అమ్ముతారు. వచ్చిన డబ్బు మళ్ళీ ఇంకో పడావు చెలకకు పెట్టుబడి.

పేదలెవరో తేల్చడమే పెద్ద చిక్కు. అధికారి రాసే జాబితాలో ఎవరి పేరుంటుందో అందరికీ తెలిసిందే. ఇక్కడ ఊరి నడుమ నేల మీద రంగుపొడులతో ఊరి పటం వేసి, ఒక్కో ఇంటి దగ్గర అందరూ నిలబడి చర్చించి గుర్తు పెట్టారు. పదిమంది ఎదుట, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చూస్తుండగా, తనకున్నదాన్ని దాచడం కష్టం. నన్ను అడిగితే జనాభా లెక్కల కంటే ఈ లెక్క మేలు.

ఈ ఏర్పాటులో ఒక గడుసుతనం ఉంది. రైతుకు జొన్న పండించక తప్పదు, ఎందుకంటే బాకీ జొన్నల్లోనే తీరాలి. పేదకు జొన్న తినక తప్పదు, ఎందుకంటే చవగ్గా దొరికేది అదే. పండించే పనీ తినే అలవాటూ రెండూ ఒకేసారి తిరిగొచ్చాయి. చిరుధాన్యాలు ఆరోగ్యానికి మంచివని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

విత్తనం మూడో అడుగు. జొన్న, కంది ఊళ్ళో దొరికాయి. మరుగునపడ్డ రకాల కోసం ముసలవ్వల దగ్గరకు పోవాల్సి వచ్చింది. బూడిద, వేపాకు కలిపి, బుట్టకు పేడా మట్టీ మెత్తి, మూత మూసి అటక మీద పెట్టే పద్ధతి వాళ్ళకు బతికే ఉంది. ఊరూరా విత్తన నిధులు పెట్టారు. ఒకటి తీసుకుంటే పంటయ్యాక ఒకటిన్నరో రెండో తిరిగి పోయాలి. అమ్మకం లేదు, రసీదు లేదు. విత్తనం కోసం దుకాణం ముందు నిలబడే అవసరం పోయింది.

గాదె నిండి, విత్తనం బుట్టల్లోకి చేరాకే 2000 ప్రాంతంలో జాతర బయల్దేరింది. సంక్రాంతి నాడు మొదలై దాదాపు నెల్లాళ్ళు ఊరూరూ తిరుగుతుంది. బండి ఆగిన చోట పాటలు, కోలాటం, ఆ తర్వాత చర్చ. మా ఊళ్ళో ఫలానా జొన్న లేదంటే పక్క ఊరి బుట్టలో దొరుకుతుంది. పండగ రూపంలో జరిగే విత్తన మార్పిడి అది. గాదెలు లేకుండా ఆ బండ్లలో పెట్టడానికి ఏముండేది? 2008 అక్టోబరు 15న మాచునూర్‌లో సంఘం రేడియో మొదలైంది. ఆ ఆడవాళ్ళే కెమెరాలు పట్టుకుని, వరంగల్‌లో బీటీ పత్తి ఎలా ముంచిందో సినిమా తీశారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళ సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకొనే నాటికి ఈ పని పాతబడిపోయింది.

జహీరాబాద్ కథ మనకెందుకు, అక్కడ వాన ఎక్కువ, నేల వేరు అనేవాళ్ళుంటారు. సబబైన మాటే. అందుకే ఇంటి దగ్గర చూద్దాం. గోరంట్ల నుంచి పెనుకొండ మీదుగా చెన్నేకొత్తపల్లి పోతే టింబక్టు కలెక్టివ్ ఉంది. 1990లో మేరీ వట్టమట్టం, బబ్లూ గంగూలీ, వాళ్ళ మిత్రులు 32 ఎకరాల బోడినేల కొని మొదలుపెట్టారు. జపాను రైతు మసనొబు ఫుకువోకా మాటలు వాళ్ళకు పట్టుకున్నాయి. నేలను గీకకుండా, మంటలు పెట్టకుండా కాపాడితే దానంతటదే కోలుకుంటుందన్న నమ్మకం అది. ఆ నమ్మకాన్నే తర్వాత ముష్టికోవెల చుట్టుపక్కల వేల ఎకరాల రెవెన్యూ బంజరు మీద ప్రయోగించారు. దాని పేరు కల్పవల్లి. ఊళ్ళవాళ్ళు కాపలా కాసి, ఎండాకాలం మంటలు ఆర్పి, గుట్టల్ని బతికించారు. ఇంటికప్పులకు బోద, ఈతచెట్లు, పశువులకు మేత తిరిగొచ్చాయి. తోడేళ్ళూ వచ్చాయి. తర్వాత గాలిమరల కంపెనీ గుట్టల మీద రోడ్లు వేసింది, తగువు హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. బంజరును ఊరు బాగుచేసినా కాగితం మీద అది సర్కారుదే. ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇక్కడ కూడా వరస అదే. ముందు ఆడవాళ్ళ పొదుపు సంఘాలు, తర్వాత 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సొంత సహకార సంఘాలు, 2005లో సేంద్రియ సాగు, ఆ మీదట పంటను కొని, దంచి, అమ్మే ధరణి అనే రైతుల సహకార సంఘం. కొర్రలు, సామలు, ఆరికెలు మళ్ళీ విత్తారు, ఎందుకంటే వాటిని కొనేది తమ సంఘమే. రైతులు ఒకరి చేను ఒకరు చూసి హామీ ఇచ్చుకునే పద్ధతి పెట్టుకున్నారు. జహీరాబాద్‌లో గాదె చేసిన పని ఇక్కడ ధరణి చేసింది.

ఈ పదేళ్ళలో మూడో పాయ కూడా కలిసింది. రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సాగులో, తొలకరికి ముందే గుళికలుగా చుట్టిన నవధాన్యాల్ని పొడినేలలో చల్లే పద్ధతి అనంతపురం ప్రాంతంలోనే నిలదొక్కుకుంది. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

ఇక గోరంట్ల. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. లేపాక్షి నాలెడ్జ్ హబ్ కోసమని ఈ మండలంలో, పక్కన చిలమత్తూరులో సేకరించిన భూములు ఏళ్ళ తరబడి బీడుగా పడి ఉండటం అందరూ చూశారు. ఇక్కడి పాలసముద్రంలో కేంద్ర కస్టమ్స్ అకాడమీని 2024 జనవరిలో ప్రధాని ప్రారంభించారు. రోడ్డు పక్క నేల ధర పెరుగుతుంటే కొర్ర విత్తమని చెప్పడం ఎవరికైనా ఎబ్బెట్టుగానే ఉంటుంది. అయినా చెప్తాను, ఎందుకంటే ఈ మండలంలో సుగాలీ తండాలున్నాయి. గింజను ఊరేగించే సంప్రదాయం కొత్తగా నేర్చుకోవాల్సిన అవసరం లేని జనం వాళ్ళు. తీజ్ పండగలో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. సీత్లా పండగకు నానిన గింజలు పశువుల మీద చల్లుతారు. లదేణీ ఎడ్ల మందలతో రాజుల సైన్యాలకు ధాన్యం, ఊళ్ళకు ఉప్పు మోసింది వాళ్ళ తాతలే. వాళ్ళ గురువు సేవాలాల్ మహారాజ్ పుట్టింది గుత్తి దగ్గరి సేవాగడ్‌లోనని నమ్ముతారు. ఏటా ఫిబ్రవరి 15 ప్రాంతంలో అక్కడ జరిగే జయంతికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా జనం వస్తారు.

అంటే పండగ సిద్ధంగా ఉంది. లేనిది గాదె. గోరంట్ల, చిలమత్తూరు, సోమందేపల్లి మండలాల పొదుపు సంఘాల అక్కలకు నాదొక మనవి. చెన్నేకొత్తపల్లికి ఒక పూట పోయి రండి, ధరణి లెక్కల పుస్తకం చూపించమనండి. సంక్రాంతికి కుదిరితే ఒక బస్సు మాట్లాడుకుని జహీరాబాద్ పొండి. బండ్ల ముందు ఫొటోలు దిగాక, ఎవరి ఇంట్లో గింజ ఎంత కాలం నిలవుంటుందో, బాకీ ఎలా కొలుస్తారో, ఎగ్గొట్టినవాణ్ణి ఏం చేస్తారో ఆ అవ్వల్ని అడగండి. తిరిగొచ్చి పది ఇళ్ళు కలిసి, ఇంటికో పడి కొర్రలో, ఉలవలో ఒక చోట పోసి తాళం వేసుకోండి. వచ్చే ఏరువాకకు ఆ తాళం తీస్తే చాలు.