తొందరగా తగ్గే బరువు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో అన్నం మానడమంటే భోజనమే మానినట్లు. అయినప్పటికీ 2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణగారి కొబ్బరినూనె, నిమ్మరసాల పద్ధతి తెలుగు జిల్లాలలో ప్రచారం పొందగా, ఎందరో అన్నం మాని చూశారు. మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గినవారికి ఆశ పెరగడం సహజమే.

అన్నం, రొట్టె మానే మార్గం కొత్తది కాదు. లండనులో విలియం బాంటింగ్ అనే స్థూలకాయుడు 1862లో చెవుడు కోసం ఒక వైద్యుని వద్దకు పోయి, ఆయన సలహాపై రొట్టె, పంచదార, బంగాళాదుంపలు మానివేశాడు. మరుసటి ఏడు తన అనుభవాన్ని చిన్న పుస్తకంగా ప్రకటించాడు. ఆయన ఏమి తిన్నాడో లోకం గుర్తుంచుకొన్నది. 46 పౌన్లు, అనగా సుమారు 21 కిలోలు, తగ్గడానికి ఏడాది పట్టిందన్న సంగతి మాత్రం మరచింది. వారానికి అరకిలో అయినా కాదు!

మరి ఆ మొదటి రెండు కిలోలు ఎక్కడివి? ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 1857లో కాలేయం నుండి గ్లైకోజన్ అనే పిండిపదార్థాన్ని వేరుచేశాడు. పెద్దవారి కాలేయంలోను, కండరాలలోను కలిపి ఇది సుమారు అరకిలో ఉంటుంది. తనతో మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే ఈ నిల్వ ఖర్చయి, నీరు మూత్రంగా పోతుంది. తక్కెడకు నీరూ క్రొవ్వూ ఒకటే. తిరిగి అన్నం తినగానే ఆ బరువూ తిరిగివస్తుంది.

క్రొవ్వు సంగతి వేరు. అమెరికన్ వైద్యుడు మాక్స్ విష్నోఫ్‌స్కీ 1958లో వేసిన లెక్క ప్రకారం కిలో బరువు తగ్గడానికి సుమారు 7,700 కిలోకాలరీల లోటు కావాలి. రోజుకు 500 తగ్గించి తినేవారికి పదిహేను రోజులు! నెలలు గడిచేకొద్దీ ఈ లెక్క కూడ నిలవదు. తేలికైన శరీరానికి ఖర్చు తక్కువ. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకొనేవారు వైద్యునికి చెప్పకుండా, మోతాదు మార్చకుండా అన్నం మానితే, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.