పన్నెండు రోజుల పంజరం



పొద్దున లేచింది మొదలు మన ఇళ్ళలో చిలక మాట ఎన్నిసార్లు వస్తుందో ఎప్పుడైనా లెక్క పెట్టారా? చొక్కా తగిలించేది చిలక్కొయ్యకి. పేరంటానికి వచ్చినవాళ్ళకి తమలపాకులు చిలకలు చుట్టి ఇస్తాం. పిల్లవాడు అర్థం కాకుండా పాఠం అప్పజెబితే "చిలక పలుకులు" అంటాం. వాణ్ణే కూర్చోబెట్టి నిదానంగా బోధపరిస్తే "చిలక్కి చెప్పినట్టు చెప్పాను" అంటాం. పెళ్ళిపీటల మీద జంట ముచ్చటగా ఉంటే "చిలకా గోరింకల్లా ఉన్నారు" అని మురిసిపోతాం. మన మాటల్లో ఇంత చనువు సంపాదించుకున్న పక్షి మరొకటి లేదు. ఇంత చనువూ ఇచ్చి, ఆ పక్షినే తీసుకొచ్చి పంజరంలో పెట్టాం. ఈవేళ ఆ సంగతే కాస్త చెప్పుకుందాం.

నేను పెరిగింది చాంద్రాయణగుట్టలో. అక్కడి గుట్టమీద చెన్నకేశవస్వామి కోవెల ఉంది. ఆ చెన్నరాయడి పేరే జనం నోళ్ళలో నలిగి నలిగి చాంద్రాయణగుట్ట అయిందంటారు. దాన్ని ఆనుకునే బార్కస్. నిజాముగారి కొలువులో పనిచేసిన అరబ్బు సిపాయిల బారక్సులు అక్కడ ఉండేవి కనక ఆ పేరు వచ్చింది. బార్కస్ జామపళ్ళ పేరు వినని పట్నంవాళ్ళు ఉండరు కదా! మరి జామతోట ఉన్నచోట చిలక ఉండకుండా ఉంటుందా? పొద్దువాలే వేళకి పచ్చటి గుంపులు కీచుకీచుమంటూ మా డాబా మీంచి పోతూండేవి.

మా పక్కింటి ఖాలా వాళ్ళ వరండాలో మాత్రం ఒకే ఒక్క చిలక, పంజరంలో. పేరు మిఠ్ఠూ. రెక్కమీద ఎర్రమచ్చ ఉన్న పెద్ద రకం. దాన్ని హైదరాబాదులో పహాడీ తోతా అంటారు. నేను పుట్టకముందే అది ఆ ఇంటికి వచ్చిందట. పాలావిడ "పాలమ్మా!" అని కేకేసి పోగానే, అదీ "పాలమ్మా!" అనేది, అచ్చ తెలుగులో. వీధి తలుపు చప్పుడైతే "కౌన్ హై?" అనేది ఉర్దూలో. అసలు విడ్డూరం ఇంకోటుంది. ఖాలా అత్తగారు పోయి నాలుగేళ్ళయినా, మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక, ఆ ముసలావిడ గొంతుతోనే "దుల్హన్, పానీ!" అని పిలిచేది. ఆవిడ కోడల్ని దుల్హన్ అనే పిలిచేదిలెండి. ఆ పిలుపు వినబడగానే ఖాలా చేతిలో పని వదిలేసి లేచి నిలబడేది. మరుక్షణం తెలివి తెచ్చుకుని నవ్వేది. "చూశావా బిడ్డా, మనిషి పోయింది గానీ పెత్తనం పోలేదు" అనేది నాతో. అలా అంటూనే ఒక్కోసారి కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

రెండు భాషలు మాట్లాడే ఈ పక్షిని చూసి ఆశ్చర్యపోయినవాళ్ళలో మనం మొదటివాళ్ళం కాము. దాదాపు 2400 సంవత్సరాల కిందట, పారశీక చక్రవర్తి కొలువులో తేసియస్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. హిందూదేశం నుంచి వచ్చిన ఒక పక్షి గురించి ఆయన రాసిపెట్టాడు. అది మనిషిలా మాట్లాడుతుందట. తన దేశభాష పలుకుతుందట. గ్రీకు నేర్పితే గ్రీకు కూడా పలుకుతుందట! అది మన చిలకే. మిఠ్ఠూ జాతి పెద్దచిలకకి పాశ్చాత్యులు పెట్టుకున్న పేరు కూడా అలెగ్జాండరు పేరు మీదే.

మన పూర్వులు దానిచేత ఒట్టి మాటలు కాదు, కథలే చెప్పించారు. సంస్కృతంలో శుకసప్తతి అని ఉంది, అంటే చిలక చెప్పిన డెబ్భై కథలు. భర్త దేశాంతరం వెడతాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్న ప్రభావతి, పరపురుషుడి పిలుపు మీద రాత్రిపూట గడప దాటబోతుంది. పంజరంలో చిలక "వెళ్ళకు" అనదు. "వెళ్ళుదువుగాని, ముందు ఈ కథ విను" అంటుంది. కథ అయ్యేసరికి తెల్లవారిపోతుంది. అలా భర్త వచ్చేదాకా గడుపుతుంది. ఈ కథల్నే 1330లో నఖ్షబీ అనే ఆయన పారశీకంలో తూతీనామాగా, యాభైరెండు రాత్రుల కథగా తిరగరాశాడు. అక్బరు పాదుషా దానికి బొమ్మలు వేయించుకున్నాడు. ఇక మన పట్నం సంగతి చూడండి. గోలకొండలో అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో ఉన్న గవ్వాసీ అనే కవి, 1639లో తూతీనామాని దక్కనీ భాషలో చెప్పాడు. మిఠ్ఠూ "కౌన్ హై" అన్న భాషకి అమ్మమ్మ లాంటిది ఆ దక్కనీ. ఇంచుమించు ఆ కాలంలోనే పాలవేకరి కదిరీపతి తెలుగులో శుకసప్తతి రాశాడు. అంటే ఒకే చిలక ఆ రోజుల్లోనే అటు దక్కనీలోనూ, ఇటు తెలుగులోనూ పలికింది.

ఈ కథల్లో నాకు రెండు సంగతులు తట్టాయి. మొదటిది, నఖ్షబీ కథలో చిలకతోపాటు ఒక గోరింక కూడా ఉంది. అది "తప్పు, వెళ్ళకూడదు" అని ముఖంమీదే నీతి చెప్పింది. ఇల్లాలికి కోపం వచ్చి దాన్ని చంపేసింది. నీతి చెప్పిన గోరింక పోయింది, కథ చెప్పిన చిలక బతికింది. పిల్లల్ని పెంచే మనకి ఇందులో పాఠం ఉందా లేదా? రెండోది కొంచెం చేదుగా ఉంటుంది. సంస్కృత కథలో తిరిగొచ్చిన భర్త, చిలక మాట విని భార్యని క్షమిస్తాడు. నఖ్షబీ కథలో చంపేస్తాడు. ఏ కథలోనూ "ఇన్నాళ్ళు నువ్వు ఎక్కడికి పోయావయ్యా?" అని ఆయన్ని ఎవరూ గట్టిగా నిలదీసినట్టు కనబడదు. ఇంట్లో ఉన్న ఆడదానికి కాపలా, పంజరంలో ఉన్న పక్షి! ఒకరి కటకటాలు ఒకరికి కనబడ్డాయో లేదో మరి.

మన బాలనాగమ్మ కథ ఇంకో అడుగు ముందుకు వేసింది. మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. ఆ రహస్యం వాడి నోటి నుంచి రాబట్టేది, వాడి చెరలో ఉన్న బాలనాగమ్మే. 1942లో జెమినీవారు తీసిన సినిమా చూసి మా అమ్మమ్మ తరంవాళ్ళు చిలక గొంతు నులిమే ఘట్టం చెప్పుకుని చెప్పుకుని భయపడేవాళ్ళు. ఒక మనిషి ప్రాణాన్ని ఒక పక్షిలో దాచడం ఒట్టి కల్పనే. కానీ అత్తగారి గొంతు మిఠ్ఠూలో దాగి ఉండటం నేను చెవులారా విన్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు, భద్రాద్రి రామదాసుగారి కథ ఒక ఎత్తు. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారుగా ఉండి, సర్కారు పైకం భద్రాచలం కోవెలకి ఖర్చు చేశాడనీ, తానీషా ఆయన్ని గోలకొండ కోటలో ఖైదు చేశాడనీ మనకందరికీ తెలుసు. తానీషా పాలన 1672 నుంచి 1687 దాకా. ఆయన మంత్రులు అక్కన్న మాదన్నలు గోపన్నకి మేనమామలు. చాంద్రాయణగుట్ట నుంచి చార్మినారుకి వచ్చే తోవలో, శాలిబండ దాటుతూంటే హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి ఉంది. బోనాలకి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. అంతటి భక్తుడికి పన్నెండేళ్ళ చెర ఎందుకు వచ్చింది? జనం దానికి చెప్పుకున్న జవాబు ఏమిటో తెలుసా? వెనకటి జన్మలో ఆయన ఒక చిలకని పట్టి పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట. రోజుకి ఒక ఏడాది చొప్పున శిక్ష పడిందట.

ఇది చరిత్ర కాదు, జనం చెప్పుకునే కథ. కానీ ఆ లెక్క చూడండి. చిలకకి ఒక రోజు మనిషికి ఒక సంవత్సరం అని మన పల్లెల్లో ముసలమ్మలు ఎప్పుడో తీర్పు చెప్పేశారు. దేవుడికి గుడి కట్టించినా సరే, ఆ బాకీ మాఫీ కాలేదు. మరి ఖాలా వాళ్ళ మిఠ్ఠూ పంజరంలో ఉన్నది పన్నెండు రోజులా? పాతికేళ్ళ పైమాటే.

చిలక చిరంజీవి కాకపోయినా దీర్ఘాయుష్మంతురాలే. కంఠి ఉండే మన మామూలు రామచిలక, బాగా చూసుకుంటే పాతికేళ్ళ దాకా బతుకుతుంది. పెద్దచిలక ఇంకా ఎక్కువ. షికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ జంతుప్రదర్శనశాలలో కుకీ అనే కాకటూ 1933లో పుట్టి 2016లో పోయింది. 83 సంవత్సరాలు! ఆ శాల తెరిచిన 1934లో వచ్చిన జంతువులన్నిటిలో చివరిదాకా మిగిలింది అదొక్కటే. అరవయ్యో ఏట ఇలాంటి పక్షిని కొని తెచ్చుకుంటే, మన తరువాత దాన్ని చూసేది ఎవరు?

ఇంతకీ అది ఎందుకు మాట్లాడుతుంది? చిలక గొంతు మన గొంతులాగా పైన ఉండదు. ఊపిరిగొట్టం రెండుగా చీలేచోట, రొమ్ము లోపల ఉంటుంది. లావుపాటి నాలుక సాయంతో శబ్దాన్ని మలుస్తుంది. అయితే ఎందుకు అన్నదే ముఖ్యం. అడవిలో చిలక ఒంటరిగా బతకదు, గుంపుగా బతుకుతుంది. గుంపులో ఒకదాన్ని చూసి ఒకటి పిలుపులు నేర్చుకుని "నేనిక్కడున్నాను, నువ్వెక్కడ?" అని కేకేసుకుంటూంటాయి. పంజరంలో పెడితే దానికి దొరికిన గుంపు మనమే. కనక మన పిలుపులే నేర్చుకుంటుంది. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే విదుషి 1977లో ఆలెక్స్ అనే బూడిదరంగు చిలకని కొని, ముప్పై ఏళ్ళు ఓపిగ్గా నేర్పింది. అది నూరుకి పైగా మాటలు నేర్చింది, రంగులు చెప్పింది, ఆరు దాకా లెక్క పెట్టింది. 2007లో, 31వ ఏట పోయింది. చిలక పలుకులు ఉట్టి పలుకులు కావని అప్పటినుంచి పండితులూ ఒప్పుకుంటున్నారు.

ఈ సంగతులు చదివాక నాకు మిఠ్ఠూ మళ్ళీ గుర్తొచ్చింది. అది మధ్యాహ్నంపూటే "దుల్హన్, పానీ!" అని ఎందుకు పిలిచేది? అప్పుడే కదా వరండాలో మనిషి అలికిడి ఉండేది కాదు! అది పెత్తనం కాదమ్మా. "ఎవరైనా ఉన్నారా?" అని అడగడం. ఆ పిలుపుకి ఈ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా లేచి వస్తారని దానికి తెలుసు. ఖాలా రోజూ లేచి వచ్చింది కూడా.

తరువాత ఖాలా పోయింది. పిల్లలు ఎవరి ఉద్యోగాల మీద వాళ్ళు తలో ఊరూ వెళ్ళిపోయారు. పంజరం ఒక చుట్టం ఇంటినుంచి ఇంకో చుట్టం ఇంటికి మారింది. తిండికి లోటు చేశారని అనను. కానీ పిలిస్తే పలికే మనిషి లేదు. చివరిసారి నేను చూసినప్పుడు రొమ్ముమీద ఈకలు తనే పీక్కుని బోడిగా కూర్చుంది. గుంపు పోయిన చిలక అలా చేస్తుందని నాకు అప్పుడు తెలియదు. "పాలమ్మా" అన్నాను. తల తిప్పి చూసింది గానీ, పలకలేదు.

ఉర్దూలో కృతఘ్నుణ్ణి తోతాచష్మ్ అంటారు, అంటే చిలక కళ్ళవాడు అని. ఎన్నేళ్ళు మేపినా తలుపు తెరిస్తే ఎగిరిపోతుందని నింద. కృతఘ్నత ఎవరిదో మీరే చెప్పండి.

ఇప్పుడు చట్టం కూడా రామదాసు కథ పక్షానే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశవాళీ చిలకని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. చిలకజోస్యం వాళ్ళకీ మినహాయింపు లేదు. 2022లో చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందపు జాబితాల్లో ఉన్న విదేశీ రకాలు ఇంట్లో ఉంటే, 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. అయినా చౌకులో, సంతలో గుడ్డ కప్పిన బుట్టలు కనబడుతూనే ఉంటాయి. "పాపం, విడిపిద్దాం" అని జాలిపడి కొన్నా సరే, ఆ డబ్బుతో అతను చెట్టుతొర్రలోంచి ఇంకో రెండు పిల్లల్ని తీయించుకొస్తాడు. కొనకపోవడమే జాలి.

మీ ఇంట్లో ఏనాటిదో ముసలి చిలక ఉందా? ఇది విని ఆవేశపడి పంజరం తలుపు తెరిచేయకండి. చేతి తిండికి అలవాటుపడ్డ పక్షి ఎగరలేదు, మేత వెతుక్కోలేదు. కాకులకో పిల్లికో చిక్కుతుంది. అటవీశాఖవారికి తెలియజేసి అప్పగించండి. ఇచ్చేటప్పుడు దాని పేరు, దాని మాటలు కూడా చెప్పండి. కొత్తచోట అదొక్కటే దానికి తోడు.

పిల్లలు చిలక కావాలని మారాం చేస్తే, డాబామీద మట్టిమూకుడులో నీళ్ళు పెట్టించండి. పెరడు ఉంటే జామచెట్టు వేయండి. మిరపమొక్క వేసినా తప్పులేదు. మన నాలుక మీద భగ్గుమనే కారం పక్షికి తెలియనే తెలియదు. పళ్ళు సగం కొరికి పారేస్తుంది, ఓర్చుకోండి. సాయంత్రం గుంపు వచ్చి వాలినప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. ఆ కీచుల్లో మన మాట ఒక్కటీ ఉండదు. అవి పిలుచుకునేది ఒకదాన్నొకటి. పలికేందుకు పక్కన మరొకటి ఉంది.