హుగ్లీ తీరాన పుట్టింటి పూలు

స్వస్థలం విడిచి వెళ్లేవారు తమ వెంట తీసుకొనిపోగలిగినవి చాలా కొద్ది. భాష, వంట, ఇలవేల్పుల సరసన పెరటి పూలమొక్కకు కూడా చోటుంది. అత్తవారింటికి వెళ్లే ఆడపడుచుకు పుట్టింటి మల్లె అంటునో, చామంతి పిలకనో ఇచ్చి పంపడం తెలుగు కుటుంబాలకు కొత్తకాదు. అయితే ఒక నేలకు అలవాటుపడిన పువ్వు మరొక నేలలో ఏళ్ల తరబడి నిలవాలంటే ఏమి కావాలి? రెండు శతాబ్దాల క్రితం కలకత్తా పరిసరాల్లో వెలసిన తోటల చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానమిస్తుంది.

హుగ్లీ పడమటి ఒడ్డున శివపూర్‌లో ఈస్టిండియా కంపెనీ వృక్షోద్యానం 1787లో రాబర్ట్ కిడ్ చొరవతో ఏర్పడింది. 1793లో దాని బాధ్యత స్వీకరించిన విలియం రాక్స్‌బరో అంతకు ముందు పన్నెండేళ్లు గోదావరి సీమలోని సామర్లకోటలో పనిచేసిన వైద్యుడు. అక్కడి మొక్కలను భారతీయ చిత్రకారుల చేత గీయించి, వాటి తెలుగు పేర్లను కూడా ఆయన నమోదు చేశాడు. మన సోమిద చెట్టు పేరే నేటికీ ‘సోయ్‌మిడా’ అనే శాస్త్రీయ ప్రజాతి నామంగా నిలిచి ఉన్నది.

ఆ 1793లోనే విలియం కేరీ కలకత్తాలో అడుగుపెట్టాడు. ఇంగ్లండులో చెప్పులు కుట్టి జీవించిన ఈ మత ప్రచారకుడు, 1800లో కలకత్తాకు ఎగువన, నాటి డేనిష్ స్థావరమైన శ్రీరాంపూర్‌లో స్థిరపడి పెద్ద తోట పెంచాడు. స్వదేశపు విత్తులు, దుంపలు పంపమని మిత్రులకు లేఖలు రాసేవాడు. 1814లో అంబోయినా దీవికి వెళ్లిన కుమారుడు జాబెజ్‌కు సైతం మొక్కలను ఓడలో ఎట్లా పంపాలో వివరంగా తెలియజేసేవాడు. నెలల తరబడి సాగే ప్రయాణంలో ఉప్పు గాలికి, మంచినీటి కొరతకు ఎన్నో మొక్కలు దారిలోనే చనిపోయేవి. మొక్కలను భద్రంగా చేర్చే గాజు పెట్టె 1830ల తరువాతగాని వాడుకలోకి రాలేదు.

ఒకసారి ఇంగ్లండు నుండి వచ్చిన విత్తుల సంచిని ఖాళీ చేసి, అడుగున మిగిలిన మట్టిని కేరీ తోటలో ఒక నీడపట్టున దులిపాడు. కొన్నాళ్లకు అక్కడ ఎవరూ పంపని ఒక డెయిజీ మొలిచింది. ఆయన పుట్టి పెరిగిన ఊళ్లలో పచ్చికబయళ్లన్నిటా పూసే సాధారణమైన పువ్వు అది. దశాబ్దాలుగా చూడని, మరి చూస్తాననుకోని ఆ పువ్వు తనకు కలిగించిన ఆనందాన్ని ఆయన మిత్రునికి రాశాడు. ఆ లేఖను చదివిన ఆంగ్ల కవి జేమ్స్ మాంట్‌గొమరీ దానిపై కవిత రచించాడు.

కవితకన్నా ఆ తరువాతి శ్రమ గమనించదగినది. స్వదేశంలో ఏళ్ల తరబడి బతికే డెయిజీ వంగదేశపు ఎండకు, వానకు నిలువలేదు. కేరీ దానిని ఏకవార్షికంగానే పెంచగలిగాడు. ప్రతి ఏటా విత్తనం సేకరించి, దాచి, అనువైన ఋతువులో తిరిగి చల్లవలసి వచ్చింది. ఒక్క ఏడు ఏమరితే ఆ వంశం అక్కడితో ముగిసేది. పువ్వును నిలిపింది నేల కాదు, ఏటేటా విత్తు దాచిన చేయి.

1823లో దామోదర్ వరద శ్రీరాంపూర్ తోటను ముంచెత్తింది. కేరీ దానిని మళ్లీ నాటాడు. 1834లో ఆయన మరణించిన తరువాత తోట క్షీణించింది. కానీ ఆయన 1820లో స్థాపించిన వ్యవసాయ, ఉద్యాన సంఘం తోట నేటికీ కోల్‌కతాలోని అలీపూర్‌లో ఉన్నది. కుంభి చెట్టు ప్రజాతికి రాక్స్‌బరో పెట్టిన ‘కేరియా’ అనే పేరు కూడా నిలిచింది.

శ్రీరాంపూర్ ముద్రణాలయం నుండి 1814లో రెండు గ్రంథాలు వెలువడినాయి. ఒకటి కేరీ రచించిన తెలుగు వ్యాకరణం. రెండవది శివపూర్ ఉద్యానంలోని సుమారు 3,500 మొక్కల జాబితా అయిన రాక్స్‌బరో ‘హార్టస్ బెంగాలెన్సిస్’. ఈ జాబితాలో మొక్క పేరుతోపాటు దాని దేశీయ నామం, జన్మస్థలం, ఇచ్చినవారి పేరు, వచ్చిన సంవత్సరం, పూచే కాలం వేర్వేరు గడుల్లో కనిపిస్తాయి. అమ్మమ్మ పెరటి నుండి తెచ్చిన పిలకను మరొక ఇంటికి పంచేటప్పుడు ఎన్ని కుటుంబాలు ఈ మాత్రమైనా చెప్పి ఇస్తున్నాయి? మొక్కతోపాటు అది ఏ ఊరిదో, ఎవరి చేతిదో కూడా అప్పగించినప్పుడే ఆ పువ్వు వారసత్వమవుతుంది.