గార్నెట్ చెప్పిన లోతు

శ్రీకూర్మం తీరంలో అల వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లటి, ఎర్రటి చారలు తేలతాయి. నలుపు ఇల్మనైట్, ఎరుపు గార్నెట్. కంటికి అంతగా ఆనని సిల్లిమనైట్ కూడా వాటిలో ఉంటుంది. తూర్పు కనుమల రాళ్లు అరిగి కొట్టుకొచ్చిన సరుకిది. ఆ రాళ్లలో ముఖ్యమైన ఒకదానికి 1902లో టి. ఎల్. వాకర్ ఖోండు తెగ పేరిట ఖోండలైట్ అని పేరు పెట్టాడు. అందులోని అల్యూమినాను బట్టి చూస్తే అది ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి. ఆ మట్టి గార్నెట్ పుట్టేంత లోతుకు ఎలా దిగింది, మళ్లీ పైకెలా వచ్చింది? పేర్లు పెట్టడంలో మునిగిన తొలితరం భూవిజ్ఞానులు ఈ ప్రశ్నను పెద్దగా పట్టించుకోలేదు.

చీపురుపల్లి వైపు కోడూరులో మాంగనీస్ తవ్వకం 1892లోనే మొదలైంది. అక్కడి గార్నెట్ రాళ్లకు కోడూరైట్ అని పేరు పెట్టిన ఎల్. ఎల్. ఫెర్మర్, అవి శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడ్డాయని 1909 నాటి గ్రంథంలో వాదించాడు. కాదు, మాంగనీస్ ఉన్న అవక్షేపాలే రూపాంతరం చెందాయని తర్వాతివాళ్లు చాలామంది అన్నారు. అయితే గార్నెట్‌ను లోతు చెప్పే బారోమీటర్‌గా వాడవచ్చని 1913లో ప్రతిపాదించినవాడూ ఫెర్మరే. రాయి పుట్టుక దగ్గర ఓడిన వాదం కన్నా ఈ ఊహే ఎక్కువ కాలం నిలిచింది. దానికి అంకెలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి: గార్నెట్, బయొటైట్ ఖనిజాల మధ్య ఇనుము, మెగ్నీషియం పంపకాన్ని బట్టి ఉష్ణోగ్రత కట్టే పద్ధతిని ఫెర్రీ, స్పియర్ 1978లో ప్రయోగశాలలో నిలబెట్టారు. అలాంటి కొలతల వల్లనే ఈ కనుమల రాళ్లు దాదాపు 25-30 కిలోమీటర్ల లోతు చూశాయనీ, పాడేరు ప్రాంతంలో సఫిరిన్ ఖనిజమున్న రాళ్లు 900 డిగ్రీల సెల్సియస్ దాటాయనీ తేలింది.

ఆ లోతుకు భూఫలకాలు ఢీకొనడమే కారణమన్న వివరణకు గట్టి అభ్యంతరం ఒకటుంది. ఒక ఫలకం మరొకదాని కిందికి జారేచోట ఒత్తిడి ఎక్కువ, వేడి తక్కువ. పక్కనే అగ్నిపర్వతాల వరుస కింద వేడి ఎక్కువ. ఇలా జంటగా సాగే రూపాంతర శిలల పట్టీలను మియాషిరో 1961లో జపాన్‌లో చూపించాడు. తూర్పు కనుమల్లో మనకు కనిపించేది వేడి పక్షమే. మరి ఇక్కడ ఫలకాలు ఢీకొన్నాయని ఎలా అంటాం? ఢీకొనడం ఒక్కటే చాలదన్నది నిజం. భూపటలం మందమైనంత మాత్రాన 900 డిగ్రీలు రావడం కష్టం, అడుగు నుంచి శిలాద్రవం వేడి కూడా అందాలి. కానీ మట్టిని అంత లోతుకు దించింది ఏదన్న ప్రశ్నకు ఖండాలు కదలవనే నిలకడ భూమి సిద్ధాంతం దగ్గర ఇంతకన్నా మంచి జవాబు లేదు. పైగా ఉత్తరాంధ్ర కనుమల రాళ్లలాగే అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతపు రాళ్లు కూడా సుమారు 100-90 కోట్ల ఏళ్ల కిందటే ఇలాంటి వేడికి లోనయ్యాయి. వయసులు కాకతాళీయంగా కలిశాయనుకుందామన్నా, చార్నొకైట్ అనే రాళ్లూ రెండుచోట్లా కలుస్తున్నాయి, విడిపోకముందు భారత్, అంటార్కిటికా తీరాలు ఆనుకునే ఉన్నాయి. గోదావరికి దక్షిణాన ఒంగోలు పట్టీ మాత్రం దాదాపు 160 కోట్ల ఏళ్ల కిందటే ఆ వేడి చూసింది. పటంలో ఒకే వరుసగా కనిపించే కనుమలు ఒక్కసారిగా పుట్టినవి కావు. ఉత్తరాంధ్ర కొండల చరిత్ర ఒంగోలుతో కన్నా అంటార్కిటికాతోనే ఎక్కువ కలుస్తుంది.