రోగి బరువు

“లంఖణం పరమౌషధం” అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఒకటి రెండు రోజుల అజీర్ణానికి ఆ మాట చెల్లుతుంది. వారాల తరబడి మంచం పట్టినవానికి కూడా దానినే వర్తింపజేస్తే, వ్యాధితో పోరాడవలసిన బలాన్ని మనమే హరించినవారమవుతాము.

విశాఖపట్టణంలో కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో వెలసింది. పెందుర్తి వంటి చుట్టుపట్ల ఊళ్ళవారికి పెద్ద జబ్బు చేస్తే అదే దిక్కు. ఇంటినుంచి జావ కాచి తెచ్చిన తల్లికి, బిడ్డ రెండు గుక్కలైనా తాగలేదన్న సంగతి తెలుసు. ఆ సంగతికి వైద్యశాస్త్రంలో స్థానం దొరకడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1936లో అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరంలో హైరం స్టడ్లీ అనే శస్త్రవైద్యుడు, కడుపులో పుండుకు శస్త్రచికిత్స పొందిన రోగుల లెక్కలు తీశాడు. చికిత్సకు ముందే అయిదవ వంతుకు మించి బరువు తగ్గినవారిలో నూటికి 33 మంది మరణించారు. అంతగా తగ్గనివారిలో నూటికి ముగ్గురు నలుగురే. కత్తి ఒక్కటే, ఫలితం వేరు. అయినా 1974లో బటర్‌వర్త్ అనే వైద్యుడు, ఆసుపత్రులలో రోగి ఎత్తు, బరువు వ్రాయడమే మరచిపోతున్నారనీ, సెలైను మీదనే రోజులు గడుపుతున్నారనీ వాపోవలసి వచ్చింది. సెలైను సీసా ఎక్కితే బలం వస్తుందని మనమూ నమ్ముతాము. కాని నూటికి 5 పాళ్ళ గ్లూకోజు కలిసిన లీటరు నీటిలో ఉన్న చక్కెర 50 గ్రాములే. దాని శక్తి 200 కెలోరీలకు మించదు.

2003లో డెన్మార్కు వైద్యుడు కోండ్రుప్, ఆయన సహచరులు ప్రకటించిన పరీక్ష నాలుగు ప్రశ్నలతో మొదలవుతుంది. ఎత్తుకు తగిన బరువు ఉన్నదా? మూడు నెలలలో బరువు తగ్గిందా? గడచిన వారంలో తిండి తగ్గిందా? జబ్బు తీవ్రమైనదా? వీటిలో ఏ ఒక్కటి చిక్కు చూపినా లోతుగా పరీక్షించి, నోటి ద్వారానో, గొట్టం ద్వారానో, నరం ద్వారానో ఆహారం నిర్ణయిస్తారు.

అయితే చిక్కి శల్యమైనవానికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడమూ ప్రమాదమే. రెండవ ప్రపంచయుద్ధానంతరం విడుదలైన బందీలలో కొందరు, అన్నం దొరికిన పిమ్మటనే గుండె చెడి మరణించారు. హఠాత్తుగా ఆహారం అందగానే రక్తంలోని భాస్వరం కణాలలోకి పోయి, రక్తంలో దాని పాలు పడిపోతుంది. రక్తంలో ఆ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి ప్రకటించినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, యౌవనంలో స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో తానే కృశించినవాడు. తిన్నది ఒంటబట్టని బాధ ఆయనకు పుస్తకాలవల్ల తెలిసినది కాదు.

కాబట్టి మన ఇంట ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చేనాడు, జ్వరమెంత, నొప్పి ఎక్కడ అన్నవాటితోపాటు మరొక మాట కూడా వైద్యునికి చెప్పాలి: ఈ మనిషి ఎన్నాళ్ళనుంచి సరిగా తినడంలేదో, పంచె, రవిక ఎంత వదులయ్యాయో. ఆ మాట ఇంటివారికి తప్ప మరెవరికీ తెలియదు.