ఆరు వంకర గీతలతో మొదలైన క్యాడ్

తెర మీద ఆరు గీతలు చేతికొచ్చినట్టు గీశాడు. పొడవులకు పొంతన లేదు, కోణాలు కుదరలేదు. ఒక వృత్తం గీసి ఆరు మూలలనూ దాని మీదికి జరిపాడు. భుజాలన్నీ సమానంగా ఉండాలని కంప్యూటర్‌కు చెప్పాడు. బొమ్మ దానంతటదే సర్దుకుని క్రమ షడ్భుజి అయింది. ఇక వృత్తంతో పనిలేదు, చెరిపేశాడు.

1963 జనవరిలో అమెరికాలోని ఎంఐటీకి ఇవాన్ సదర్‌ల్యాండ్ సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలోని ఉదాహరణ ఇది. అప్పటికి ఆయన వయసు 24. ప్రోగ్రామ్ పేరు స్కెచ్‌ప్యాడ్. ఎంఐటీకే చెందిన లింకన్ ప్రయోగశాలలోని టీఎక్స్-2 కంప్యూటర్ మీద నడిచేది. మౌస్ ఇంకా పుట్టలేదు. ఒక చేత్తో లైట్ పెన్ను తెరకు ఆనించి, ఇంకో చేత్తో బటన్లు నొక్కుతూ గీయాలి.

ఇవాళ ఐటీఐలోనో హైదరాబాద్‌ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలోనో క్యాడ్ (కంప్యూటర్ సాయంతో డిజైన్) సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ మొదలుపెట్టే విద్యార్థి మొదటి వారంలో నేర్చేదంతా దాదాపు స్కెచ్‌ప్యాడ్‌లోనే ఉంది. మొదటి బిందువు పెట్టాక కర్సర్ వెంట రబ్బరులా సాగే గీత ఉంది. దగ్గరికి రాగానే పాత బిందువును పట్టుకునే స్నాప్ ఉంది. బ్లాక్ కూడా ఉంది: మూల చిత్రాన్ని ఒక్కచోట మారిస్తే దాని ప్రతులన్నీ మారిపోయేవి. అలా ప్రతులు పేర్చి 900 షడ్భుజుల అల్లికను ఆయన అరగంటలో తయారుచేశాడు. అదే పనికి డ్రాయింగ్ విభాగం వాళ్లు రెండు రోజులు పడుతుందన్నారు.

అయితే వేగం కంటే నాకు గొప్పగా తోచేది మరొకటి. మినీ డ్రాఫ్టర్‌తో కాగితం మీద రెండు సమాంతర రేఖలు గీస్తే, అవి సమాంతరమన్న సంగతి మనకే తెలుసు, కాగితానికి తెలియదు. సదర్‌ల్యాండ్ ఆ సంబంధాన్ని బొమ్మలోనే దాచాడు. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ కంప్యూటర్ డ్రాయింగ్‌ను చిన్న ఆఫీసులకు చేర్చింది గానీ, ఇలాంటి జ్యామితీయ నిబంధనలు దానిలోకి 2010 వెర్షన్‌తోనే వచ్చాయి.

నేర్పేవాళ్లు కమాండ్ల జాబితాతో కాక ఈ సంబంధాలతో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఉదాహరణకు, పాలిగాన్ కమాండ్‌లో ఆరు భుజాలని చెప్పి కేంద్రం చూపగానే, బొమ్మ వృత్తం లోపలా బయటా అని ఆటోక్యాడ్ అడుగుతుంది. చాలామంది చదవకుండా ఎంటర్ నొక్కేస్తారు. 24 మిల్లీమీటర్ల స్పానర్ పట్టే ఎం16 బోల్టు తల గీయాలంటే వ్యాసార్ధం 12 ఇచ్చి ‘బయట’ అనాలి. ‘లోపల’ అంటే ఎదురెదురు భుజాల మధ్య దూరం 20.8 మిల్లీమీటర్లకు పడిపోతుంది, స్పానర్ ఊరికే తిరుగుతుంది.